రెండు హైదరాబాద్‌లు, ఒక అడ్డచుట్ట

నోటి క్యాన్సర్ మీద తొంభైల నాటి పేపర్ ఒకటి స్క్రీన్ మీద తెరిచి ఉంది. రచయిత పేరు కింద చిరునామా: పాథాలజీ విభాగం, హైదరాబాద్. అంతే, దేశం పేరు లేదు. పేరును బట్టి చూస్తే ఆయన చార్మినార్ పక్క వీధి మనిషి కావచ్చు, సింధ్‌లో ఉన్న హైదరాబాద్ మనిషీ కావచ్చు. ఆ ఒక్క వరుస దగ్గర పావుగంట ఆగిపోయాను. ఇటు వేస్తే భారత్‌కి ఒకటి పెరుగుతుంది, అటు వేస్తే పాకిస్తాన్‌కి.

నేను విశాఖపట్నంలో ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. డాక్టర్లకి పాత పేపర్లు వెతికిపెట్టడం, థీసిస్ రాసుకునే పీజీ పిల్లలకి రిఫరెన్సులు సరిచూసి ఇవ్వడం నా పని. పోయిన ఏడాది ఒక సెమినార్ కోసం పట్టిక ఒకటి తయారు చెయ్యమన్నారు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ దేశాల నుంచి క్యాన్సర్ మీద ఏటా ఎన్ని పరిశోధన పేపర్లు వస్తున్నాయో అందులో ఉండాలి. మొదటి స్లైడ్‌లో మనం అందరికంటే పైన కనిపించాలని వాళ్ల కోరిక. మూడు వారాలు కూర్చుని చేశాను. పట్టిక వచ్చింది, మనం పైనే ఉన్నాం. కానీ అది పూర్తయ్యేసరికి దాని మీద నాకే నమ్మకం పోయింది. ఎందుకు పోయిందో చెప్పుకోవాలని ఉంది.

ముందు లెక్క సంగతి. ఈ పని చేసేవాళ్లం ఎక్కువగా పబ్‌మెడ్ అనే ఆన్‌లైన్ వైద్య పేపర్ల సూచిక మీద ఆధారపడతాం. అందులో పేపర్ ఏ దేశానిదో తెలియాలంటే రచయితల చిరునామా చూడాలి. 2014కి ముందు పబ్‌మెడ్‌లో మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఎక్కించేవారు. అంటే ఢాకాలో రోగుల్ని చూసి, రక్తం తీసి, మూడేళ్లు తిరిగి సమాచారం పోగుచేసిన పదిమంది ఉన్నా, మొదటి పేరు లండన్ ఆయనదైతే ఆ పేపర్ బ్రిటన్ ఖాతాలో పడుతుంది. 2014 తర్వాత అందరి చిరునామాలూ వస్తున్నాయి కాబట్టి ఇప్పుడు ఇబ్బంది రెండో వైపు నుంచి వచ్చింది. ప్రపంచవ్యాప్త వ్యాధి భారం అంచనాల్లాంటి భారీ పేపర్లలో వందల మంది రచయితలుంటారు. అలాంటి ఒక్క పేపర్ నేపాల్‌కి ఒకటి, బంగ్లాదేశ్‌కి ఒకటి, పాకిస్తాన్‌కి ఒకటి, మనకి ఒకటి కలుపుతుంది. మన పట్టికలో గీత ఒక ఏడాది హఠాత్తుగా పైకి లేచిందంటే అక్కడ పరిశోధన పెరిగిందో, లెక్కపెట్టే పద్ధతి మారిందో వెనక్కి వెళ్లి చూసుకోవాల్సిందే. ఇక పంజాబ్ అని వెతికితే రెండు దేశాలూ వచ్చి పడతాయి. స్థానిక జర్నళ్లలో వచ్చినవి చాలావాటికి పెద్ద డేటాబేసుల్లో చోటే ఉండదు. ఆ నష్టం చిన్న దేశాలకి ఎక్కువ.

ఇవన్నీ సాంకేతికమైన ఇబ్బందులు, తెలివిగా దాటొచ్చు అనుకున్నాను. 1971 నాటి ఒక పేపర్ దగ్గరికి వచ్చేవరకూ అలాగే అనుకున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో అడ్డపొగ అలవాటు మీద, 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లు పరీక్షించి రాసిన పేపర్ అది. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. పరీక్ష జరిగింది శ్రీకాకుళం జిల్లాలో. మొదటి రచయిత పిండ్‌బోర్గ్, డెన్మార్క్ దేశస్తుడు. ఆయన తర్వాత ముంబై టాటా ఫండమెంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో దంత పరిశోధన విభాగం నడిపిన ఫాలి మెహతా, ప్రకాశ్ గుప్తా, దఫ్తరీల పేర్లు. మొదటి రచయిత నియమం పెడితే ఇది కోపెన్‌హాగన్ పేపర్. మా శ్రీకాకుళం ఆడవాళ్ల నోళ్లు డెన్మార్క్ లెక్కలోకి వెళ్లాయి.

అక్కడ ఆగిపోవడానికి నాకు సొంత కారణం ఉంది. మా అమ్మమ్మది సముద్రం ఒడ్డున ఊరు. ఆవిడ అడ్డచుట్ట కాల్చేది. తెలియనివాళ్లకి చెబుతాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని పెదాలు మూస్తారు. బయటికి కాలని కొస కొంచెమే కనిపిస్తుంది. చుట్ట అలా ఉండగానే అమ్మమ్మ బట్టలు ఉతికేది, చేపలు కడిగేది, మాతో మాట్లాడేది. పొగ మాటతో పాటు కొంచెం కొంచెంగా బయటికి వచ్చేది. "అలా ఎందుకే?" అంటే, "గాలికి ఆరిపోదే, నివురు కోక మీద పడదు" అనేది. పాపం, ఆవిడకి అది లెక్కగానే తోచింది. చుట్ట ఎక్కువసేపు వస్తుంది, డబ్బు కలిసొస్తుంది, పని ఆగదు.

ఆవిడ అంగిలి మీద పుండు లేచినప్పుడు పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. పళ్ల చీము అన్నారు, బిళ్లలిచ్చి పంపేశారు. నాలుగు నెలల తర్వాత మళ్లీ వెళ్లేసరికి అంగిలికి కన్నం పడింది. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. గంజి పోసేటప్పుడు మా అమ్మ ఒక చేత్తో తువాలు ముక్కుకి అడ్డం పెట్టేది. అది 1994. అంగిలి క్యాన్సర్‌కీ, నిప్పుకొస లోపలికి పెట్టి చుట్ట కాల్చడానికీ ఉన్న సంబంధాన్ని కోస్తా ఆంధ్రలో గమనించి విశాఖపట్నం డాక్టర్లు పేపర్ రాసింది 1957లో. ముప్పై ఏడేళ్ల ముందు, అదే పట్నంలో.

అప్పటినుంచి ఏ పేపర్ చూసినా నాకు ఒకటే ప్రశ్న. ఇది ఎవరి ఖాతాలో పడిందని కాదు, ఎవరి నోట్లోంచి పుట్టిందో వాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లిందా అని. దేశాల్ని పోల్చాలనుకుంటే ఈ ఒక్క ప్రశ్న మీదే పోల్చాలని నా వాదన.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ 1971 బృందం పేపర్ రాసేసి వెళ్లిపోలేదు. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లతో మాట్లాడి, మాన్పించే ప్రయత్నం చేసి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లి నోళ్లు చూశారు. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి. మనిషితో కూర్చుని చెబితే అలవాటు తగ్గుతుందనీ, నోట్లో మచ్చలూ తగ్గుతాయనీ చూపించిన పని అది. దాని పక్కన నా పట్టికలో ఉన్న అంకె ఒకటి. నలభై ఊళ్ల డేటా ముందేసుకుని ఏసీ గదిలో వారంలో రాసేసిన పేపర్ పక్కన కూడా అంకె ఒకటే.

ఇప్పుడు పొరుగు దేశాలు. 2022కి అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వేసిన అంచనాల్లో మన దేశంలో కొత్త కేసులు 14 లక్షల పైన, మరణాలు 9 లక్షల పైన. పాకిస్తాన్‌లో కేసులు 1.86 లక్షలు, మరణాలు 1.19 లక్షలు. బంగ్లాదేశ్‌లో 1.67 లక్షలు, 1.17 లక్షలు. కొత్తగా వంద కేసులొచ్చిన ఏడాదిలో ఎన్ని మరణాలో లెక్క కట్టి చూశాను. మన దగ్గర 65, పాకిస్తాన్‌లో 64, బంగ్లాదేశ్‌లో 70. పేపర్లలో వాళ్లకి అందనంత పైన ఉన్న దేశానికీ, కింద ఉన్న దేశాలకీ ఈ లెక్కలో ఉన్న తేడా ఇంతే. ఇవి అంచనాలే, రోగుల్ని ఒక్కొక్కరిగా లెక్కపెట్టినవి కావు. నమోదు సరిగా లేని దేశాలకి పొరుగు దేశాల క్యాన్సర్ నమోదు కేంద్రాల అంకెల నుంచి అంచనా కట్టడం కూడా ఆ పద్ధతిలో ఒక భాగం. అయినా సరే, ఆ మూడు అంకెలు చూశాక మొదటి స్లైడ్ పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

నిజానికి ఈ జబ్బులు సరిహద్దుల్ని ఎరగవు. మన గుట్కా, పాకిస్తాన్‌లో నస్వార్, బంగ్లాదేశ్‌లో జర్దా, గుల్, అన్ని చోట్లా వక్క: వస్తువు పేరు మారుతుంది గాని బుగ్గలోపల జరిగేది ఒకటే. మగవాళ్లలో నోటి క్యాన్సర్ ఈ మూడు దేశాల్లోనూ ముందు వరసలోనే ఉంటుంది. పిత్తాశయం క్యాన్సర్ గంగ ఒడ్డున బీహార్‌లో ఎక్కువ, అటు నేపాల్‌లోనూ ఎక్కువ, ఇటు బంగ్లాదేశ్‌లోనూ ఎక్కువ. మన తెలుగు జిల్లాల్లో అంత కనిపించదు. బీహార్ రోగికి ఆ జబ్బులో మన కన్నా నేపాల్ మనిషే దగ్గర చుట్టం. అలాంటప్పుడు ఎవరి పేపర్లు ఎక్కువ అని పోటీ పెట్టుకోవడం, ఒకే చెరువు కింద పొలాలున్న అన్నదమ్ములు ఎవరి గట్టు ఎత్తో కొలుచుకున్నట్టుంటుంది.

రోగులూ సరిహద్దులు దాటుతూనే ఉన్నారు. వేలూరులో పెద్ద ఆసుపత్రి చుట్టుపక్కల లాడ్జీల బోర్డులు బెంగాలీలో కూడా ఉంటాయి. అక్కడికీ కోల్‌కతాకీ వచ్చేవాళ్లలో బంగ్లాదేశ్ వాళ్లు చాలామంది. వాళ్ల కణితి మన దగ్గర కోస్తారు, బయాప్సీ మన ల్యాబ్‌లో చూస్తారు, ఆ కేసుల మీద పేపర్ రాస్తే అది భారత్ పేపర్. 2024 ఆగస్టు తర్వాత మన దేశం వాళ్లకిచ్చే వీసాలు బాగా తగ్గించేసింది. రెండో విడత కీమోకి రావాల్సినవాళ్ల సంగతి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. వాళ్లది ఏ దేశపు సంఖ్య?

చిన్న దేశం నుంచి తక్కువ పేపర్లు వస్తే అక్కడ పని లేదనుకోవడం కూడా తప్పే. శ్రీలంకలో డాక్టర్లు కాకుండా గ్రామ ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, 28 వేల మందికి పైగా నోళ్లు చూపించారు. టార్చిలైటు, ఓపిక ఉంటే డాక్టరు కాని మనిషి కూడా నోటి క్యాన్సర్ ముందు మచ్చల్ని పట్టగలరని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 1984లో వచ్చింది ఆ పేపర్. పన్నెండేళ్ల తర్వాత, 1996లో తిరువనంతపురం దగ్గర అలాగే కార్యకర్తల్ని ఇళ్లకు పంపి పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 2005లో లాన్సెట్‌లో తేల్చారు. నా పట్టికలో శ్రీలంకది కింది వరస. ఆలోచనలో మాత్రం వాళ్లు మనకన్నా ముందున్నారు.

ఇక అన్నిటికంటే నన్ను కుదిపింది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా కథ. దీని కొస మన ఖమ్మంలో ఉంది.

2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి ఈ టీకా వేసే ప్రాజెక్టు ఒకటి మొదలైంది. ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్‌ని అడ్డుకునే టీకా ఇది. మన దగ్గర భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం లేదని విచారణలో తేల్చారు గాని, అనుమతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. తప్పుపట్టడం న్యాయమే. పిల్లని హాస్టల్లో దించి వెళ్లిన అమ్మానాన్నలకి సూది సంగతి చెప్పకపోవడాన్ని ఏ మంచి ఉద్దేశంతోనూ సమర్థించలేం.

2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ప్రాజెక్టుని ఆపేసింది. దాంతోపాటు, దానితో సంబంధం లేని వేరే ట్రయల్ కూడా ఆగిపోయింది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి దేశంలో తొమ్మిది కేంద్రాల్లో జరుగుతున్నది అది. మన హైదరాబాద్ వాటిలో ఒకటి. మధ్యలో ఆగడంతో దాదాపు ఐదు వేల మంది అమ్మాయిలకి ఒక్క డోసే పడింది. ఆ పరిశోధకులు వదిలేయలేదు. ఆ అమ్మాయిల్ని పదేళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. ప్రధానమైన రెండు రకాల వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఒక్క డోసు కూడా 95 శాతం కాపాడుతోందని 2021లో లాన్సెట్ ఆంకాలజీలో రాశారు. ఇదీ, ఇలాంటి మరికొన్ని ఆధారాలూ చూసి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక్క డోసు చాలన్నారు. మొదట్లో మూడు సూదులున్న ఖర్చు ఒక సూదికి దిగింది.

2023 అక్టోబరులో బంగ్లాదేశ్ ఢాకా డివిజన్ బడుల్లో ఒక్క డోసు టీకా మొదలుపెట్టింది. 2025 ఫిబ్రవరిలో నేపాల్, సెప్టెంబరులో పాకిస్తాన్ మొదలుపెట్టాయి. భూటాన్ అయితే 2010లోనే మూడు డోసులతో దేశమంతా వేసేసింది. ఢాకాలో బడిపిల్లలు వరసలో నిలబడి చేతులు చాచిన రోజుకి మన జాతీయ టీకా కార్యక్రమంలో ఇది లేదు. సాక్ష్యం మన ఆడపిల్లల ఒంట్లోంచి వచ్చింది. పేపర్ల పట్టికలో ఆ గీత మనదే. వాడుకున్నది ముందు పొరుగువాళ్లు. వాళ్లు వాడుకున్నందుకు నాకు నిజంగా సంతోషం. పరిశోధనకి ఇంతకంటే మంచి గతి ఏముంటుంది! నా బాధల్లా భద్రాచలం పక్క ఊళ్లలో ఆ తల్లుల గురించే. వాళ్లకి ఎవరైనా మళ్లీ వెళ్లి, ఎదురుగా కూర్చుని, జరిగింది ఇది, తేలింది ఇది అని చెప్పారా?

పేపర్ల సంఖ్య అసలు అక్కర్లేదని నేననడం లేదు. మా కాలేజీలో ఒక సీనియర్ సర్జన్ గారితో ఇదే మాట్లాడితే ఆయన ఒప్పుకోలేదు. "సంఖ్య లేకపోతే నిధులు రావమ్మా, నిధులు లేకపోతే నువ్వు చెప్పే మంచి ట్రయల్ కూడా ఉండదు" అన్నారు. నిజమే. 2014 నుంచి 2017 మధ్య వచ్చిన 694 పెద్ద క్యాన్సర్ ట్రయల్స్‌ని పరిశీలిస్తే 92 శాతం ధనిక దేశాల నాయకత్వంలోనే జరిగాయి. మిగతా ప్రపంచమంతా కలిసి నడిపినవి 58. ఆ 58లో అనుకున్న ఫలితం సాధించినవి ఎక్కువ శాతం ఉన్నా, అవి అచ్చయిన జర్నళ్ల స్థాయి చాలా తక్కువ. మన ప్రాంతపు ప్రశ్నలకి ఆ గుమ్మాలు అంత తేలిగ్గా తెరుచుకోవు. గొంతు పెంచాల్సిందే. అది ఒప్పుకుంటాను.

కానీ ఆ సంఖ్య కోసం మనం చేస్తున్నదేమిటో రోజూ నా బల్ల ముందే చూస్తాను. ప్రమోషన్‌కి పేపర్లు కావాలి. గడువు దగ్గరపడే కొద్దీ లైబ్రరీలో టెన్షన్ మొదలవుతుంది. ఫలానా జర్నల్ డబ్బు కడితే ఎన్నాళ్లలో వేస్తుంది అని అడుగుతారే గాని, ఈ రోగికి ఏమైంది అని అడిగేవాళ్లు తక్కువ. వాళ్లని తప్పుపట్టలేను. పొద్దున్నుంచి ఓపీలో రెండొందల మందిని చూసి వచ్చిన మనిషికి పరిశోధన రాత్రి పదింటి తర్వాత చెయ్యాల్సిన పని. పాకిస్తాన్‌లో కూడా ఉన్నత విద్యా కమిషన్ పేపర్ల లెక్కతో పదోన్నతులు ముడిపెట్టాక ఇదే తంతు. ఈ విషయంలో పొరుగువాళ్లం ఒకరికొకరం అద్దంలా ఉన్నాం.

ఇవే ఆసుపత్రుల్లో ఇవే ఇబ్బందుల మధ్య నిజమైన పని కూడా జరిగింది. నోటి క్యాన్సర్ తొలి దశలో ఉన్నప్పుడు మెడలో గ్రంథుల్ని ముందే తీసెయ్యాలా, అక్కడ పాకినప్పుడు తియ్యాలా అని సర్జన్లు దశాబ్దాలు వాదించుకున్నారు. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు తేల్చారు, 2015లో. ముందే తీసినవాళ్లలో మూడేళ్లకి 80 శాతం బతికి ఉన్నారు, ఆగినవాళ్లలో 67.5 శాతం. అదే ఆసుపత్రి 2023లో ఇంకొకటి చూపించింది. తల, మెడ క్యాన్సర్ ముదిరిన రోగులకి నివోలుమాబ్ అనే చాలా ఖరీదైన మందుని మామూలు మోతాదులో పదో వంతు కూడా లేకుండా, మూడు వారాలకి 20 మిల్లీగ్రాములే, చవకైన మాత్రలతో కలిపి ఇచ్చారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో 16 శాతం, ఈ మందు కూడా కలిపినవాళ్లలో 43 శాతం. ఆ ప్రశ్న బోస్టన్‌లో పుట్టదు. మందు కొనలేక వరండాలో కూర్చున్న మనిషిని చూసిన డాక్టరుకే పుడుతుంది. కరాచీలో డాక్టరుకీ, ఢాకాలో డాక్టరుకీ రేపు పనికొచ్చేది అదే.

ఇంకొకటి, ఇది మన రాష్ట్రం గురించి. దేశంలో ఏ ఊళ్లో ఎంతమందికి ఏ క్యాన్సర్ వస్తుందో నమోదు చేసే రిజిస్ట్రీలు ఉంటాయి. 2012-16 లెక్కలతో 2020లో వచ్చిన జాతీయ నివేదికలో అలాంటివి 28 ఉన్నాయి. దేశ జనాభాలో దాదాపు పదో వంతే అప్పుడు వాటి లెక్కలోకి వచ్చింది. ఆ నివేదికలో తెలంగాణ నుంచి హైదరాబాద్ ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. 1957 నుంచి పేపర్లకి ఎక్కిన శ్రీకాకుళం అంగిలి, దేశం అప్పుడు లెక్కపెట్టుకున్న జనంలో లేదు. నేపాల్‌కి తక్కువ పేపర్లున్నాయని స్లైడ్ వేసే ముందు మనం చూసుకోవాల్సింది ఇది.

ఆ రెండు హైదరాబాద్‌ల పేపర్‌ని చివరికి ఏ దేశానికీ వెయ్యకుండా పక్కన పెట్టాను. పట్టిక ఇచ్చాను గాని, చివర ఒక నిలువు గడి అదనంగా చేర్చి ఇచ్చాను: "ఎవరి మీద పరిశోధన జరిగిందో వాళ్ల దగ్గరికి ఏం తిరిగి వెళ్లింది?" చాలా వరసల్లో ఆ గడి ఖాళీగానే ఉంది. సెమినార్ స్లైడ్‌లో ఆ గడి తీసేశారు. నా కంప్యూటర్‌లో మాత్రం ఉంచుకున్నాను, దొరికినప్పుడల్లా ఒక్కొక్కటీ నింపుతున్నాను.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా చిన్నమ్మమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పెదాల మధ్య అడ్డచుట్ట, కాలని కొస. చుట్ట తీయించి, నోరు తెరవమని, ఫోన్ లైటు వేసి చూశాను. అంగిలి తెల్లగా, ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు తేలి ఉంది. మధ్యలో చిన్న చిన్న ఎర్రటి చుక్కలు. ఆ 1971 పేపర్‌లో వర్ణించినట్టే. "ఏటే, అలా సూస్తన్నావు? నాకేటీ నొప్పి లేదు" అంది. నొప్పి లేకుండానే మొదలవుతుందని, తన అక్కకి, అంటే మా అమ్మమ్మకి కూడా ఇలాగే మొదలైందని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చుట్ట నీళ్ల చెంబు పక్కన పెట్టి, సోమవారం మొదటి బస్సు ఎన్ని గంటలకని అడిగింది.